పరానా శిశువుల రక్తపరీక్ష

మూత్రపిండముల శిరస్సున టోపీవలె నమరియుండు అడ్రినలు గ్రంథులకు వచ్చు కాన్సరు మిక్కిలి యరుదు. లోకమున ఏటేట పదిలక్షల జనులలో ఒకరిద్దరికి మాత్రమే యది కనబడును. దక్షిణ బ్రెజిలునందలి పరానా రాష్ట్రమున మాత్రము పసిబిడ్డలకు ఇతరదేశములకంటె 10, 15 రెట్లు హెచ్చుగా వచ్చుచున్నది.

ఇందుకు గల కారణము 2001లో తేలినది. కణముల విచ్చలవిడి వృద్ధి నరికట్టు టీపీ 53 అను జన్యువునందు ఒక యక్షరము మారి, తజ్జన్యమైన ప్రోటీనులో 337వ స్థానమున అర్జినీనునకు బదులు హిస్టిడీను చేరుచున్నది. ఏనాటి పూర్వునినుండియో సంక్రమించిన యీ మార్పును శిశువు మడమనుండి తీసిన రక్తబిందువులో గుర్తింపవచ్చును. నాలుగేండ్ల బిడ్డ వయసుకు మించి యెదుగుచుండగా మురిసిపోయి, మొగమున మొటిమలు, మేన రోమములు వచ్చినపిదపగాని వైద్యునొద్దకుఁ బోని తలిదండ్రులెందరో! అప్పటికి కంతి ఇతరావయవములకుఁ బ్రాకినచో శస్త్రచికిత్సవలన ఫలము స్వల్పము.

పరానాలో తలిదండ్రుల సమ్మతితో 1,71,649 మంది శిశువులను పరీక్షింపగా 461 మందియందీ మార్పు కానవచ్చినది. 2012 ఏప్రిలునాటికి వీరిలో 11 మందికి కంతులు పుట్టెను. క్రమముగా వైద్యపర్యవేక్షణలో నున్న బిడ్డల కంతులు చిన్నవిగా నున్నప్పుడే దొరకినవి. ఇది సామాన్యవిజయము కాదు.

అయినను ఆక్షేపణ లేకపోలేదు. 461 మందిలో అత్యధికులకు బాల్యమున నీ వ్యాధి రానేరాదు. అట్టి బిడ్డల తలిదండ్రుల గుండెలలో, ఉయ్యాలనాడే భయమును నాటనేల యని కొందరు వైద్యులే యడుగుచున్నారు. ఈ ప్రశ్నను మేము తేలికగాఁ ద్రోసివేయఁజాలము. పైగా బిడ్డయందలి మార్పు సాధారణముగా తల్లినుండియో తండ్రినుండియో వచ్చినదే. వారికిని, వారి తోబుట్టువులకును స్తనముల కాన్సరు మొదలగు వాని భయము కలదు. శిశువు నెత్తురు తీసినవారు వంశరహస్యమునే బయలుపెట్టుచున్నారు. పరీక్షింపుమని యడుగని మేనత్తకు ఆ వార్త నెవరు, ఏ విధమునఁ జెప్పవలెను?

గుర్తులన్నియు నొక్క తీరువి కావు. పెద్దలకు వేరొక కారణముచే స్కాను తీయునపుడు అడ్రినలు కంతి బయటపడుట కద్దు. అది కాన్సరా కాదా యని తేల్చుటకు, మూత్రమునందలి స్టెరాయిడులను కొలుచు పద్ధతిని 11 దేశముల రోగులు రెండువేలమందిపైఁ బరీక్షించి 2020లో ఫలితములు ప్రకటించిరి. కంతి పరిమాణమును, స్కానును, మూత్రపరీక్షను కలిపి చూచినచో అనవసరపు శస్త్రచికిత్సలు తగ్గునని తేలినది. ఆ మూత్రము నేఁడున్న దానిని చెప్పును. ఈ రక్తబిందువు రేపు రాఁగల దానిని మాత్రమే సూచించును. కావున మొదటిదానితో పని ముగియును, రెండవదానితో పని యారంభమగును.

ఆ పని యేమన, కొన్ని నెలలకొకమారు పొట్టకు అల్ట్రాసౌండు, రక్తమున హార్మోనుల పరీక్ష, బాల్యము ముగియువరకు. పట్టణపు ఉద్యోగి కిది సాధ్యమే. దూరగ్రామపు కూలి, దినవేతనము వదలుకొని, బిడ్డను చంకనెత్తుకొని ఎన్నిమారులు రాఁగలఁడు? ప్రయాణపు ఖర్చు, పోయిన కూలి, పరీక్షల వ్యయము మూడును ప్రభుత్వమే భరింపవలెను. అరుదైన వ్యాధికి ప్రజాధనమేల యను వారికి మా సమాధానమొక్కటే: పరానాలో నీ వ్యాధి యరుదు కాదు. ఆ మొత్తమును తొలి రక్తబిందువు తీయకమునుపే బడ్జెట్టులోఁ జూపని రాష్ట్రము ఈ పరీక్షకుఁ బూనుకొనరాదని మా యభిప్రాయము.