బిషప్ చేతిలోని కాపరి కర్ర ఎవరి కోసం?

మా పిల్లలు రెండు పేర్లతో బతుకుతున్నారు. చర్చి రిజిస్టర్‌లో ఒకటి, తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే కుల ధ్రువపత్రంలో మరొకటి. బాప్తిస్మం నాడు తల్లిదండ్రులు ప్రేమగా పెట్టుకున్న పేరు బడి దరఖాస్తులో కనపడితే ఆ బిడ్డ స్కాలర్‌షిప్ పోతుంది, హాస్టల్ సీటు పోతుంది. 2001లో మా నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలంలో సర్పంచులంతా ఒక్క పిల్లవాడిని కూడా పనికి పోనివ్వమని ప్రభుత్వానికి ఒప్పందం రాసిచ్చి, అందరినీ బడికి పంపించారు. అలా బడికెళ్లిన వాళ్లలో మాల, మాదిగ వాడల పిల్లలున్నారు. చదువుకుని ముందుకు రమ్మని పిలిచిన ఆ రాజ్యమే ఇప్పుడు నీ దేవుడెవరో చెప్పి కూర్చోమంటోంది.

దీనికి మూలం 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేరున వెలువడిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా. హిందువు కాని మనిషిని షెడ్యూల్డ్ కులస్థుడిగా లెక్కించకూడదని అది శాసించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇంకా తెరవలేదు. ఈ పాపం ఒక్క ఢిల్లీదే కాదు. అంతకుముందే, 1936లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన ఉత్తర్వులోనే భారతీయ క్రైస్తవులను ఆ జాబితా నుంచి తప్పించారు. బైబిలు చేతబట్టుకుని వచ్చిన పాలకులే మొదటి గీత గీశారు.

ఆ గీత ఎంత క్రూరమైనదో సూసై కేసు చూస్తే తెలుస్తుంది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. ఆ పని చేసేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులిచ్చింది. ఆయన క్రైస్తవుడని ఆయనకు ఇవ్వలేదు. అదే రోడ్డు, అదే పని, అదే కులం. 1985లో సుప్రీంకోర్టు ఆయన మొర తోసిపుచ్చింది. మతం మారాక కూడా అణచివేత అంతే తీవ్రంగా ఉందని నిరూపించాలంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక పాస్టర్ ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసు వచ్చింది. మతం మారిన వ్యక్తికి ఆ చట్టం రక్షణ లేదని దాన్నీ కొట్టేసింది. కులం పేరుతో తిట్టినవాడు నువ్వు ఏ గుడికి వెళ్తావని అడిగి తిట్టడు. రక్షణ అడిగినప్పుడే ఆ ప్రశ్న వస్తుంది. మన రాష్ట్రాల్లో ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంటే, క్రైస్తవులైన దళితులకు బీసీ-సి కింద మిగిలింది 1 శాతం. పక్కనే ఉన్న జుక్కల్ రిజర్వుడు నియోజకవర్గంలో నామినేషన్ వేయాలంటే ఏసును దాచిపెట్టుకోవాలి.

ఇంత అన్యాయం నెత్తిన ఉండగా బిషప్పులు ఏం చేస్తున్నారు? నా కోపమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

బిషప్పుకు రాజకీయం ఎందుకు, ప్రార్థన చేసుకోమనేవాళ్లు చరిత్ర చదవలేదు. 390లో థెస్సలొనికలో జనాన్ని ఊచకోత కోయించిన థియోడోసియస్ చక్రవర్తికి మిలాన్ బిషప్ అంబ్రోస్ ప్రభు భోజనం ఇవ్వనన్నాడు. పశ్చాత్తాపం ప్రకటించేదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు. 1170 డిసెంబర్ 29న కాంటర్బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను రాజు మనుషులు చర్చిలోనే నరికారు. 1980లో ఎల్ సాల్వడార్ ఆర్చిబిషప్ రొమేరో పేదల పక్షాన మాట్లాడినందుకు బలిపీఠం దగ్గరే తుపాకీ గుండుకు బలయ్యాడు. అందరూ పుణ్యాత్ములని నేననను. రాజులతో కుమ్మక్కయిన బిషప్పులూ కోకొల్లలు. కానీ ఆ కుర్చీకి బలం లేదని మాత్రం ఎవరూ చెప్పలేరు.

అంత దూరం పోనక్కరలేదు. మన నిజాం రాజ్యంలోనే, దోర్నకల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఉన్నాడు. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో కలిసిపోయిన మనిషి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల ముందు నిలబడి, మీరు మాకు డబ్బిచ్చారు, త్యాగాలు చేశారు, మమ్మల్ని స్నేహితులుగా మాత్రం చూడలేదు అన్న అర్థం వచ్చేలా ముఖం మీదే చెప్పాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. సరిగ్గా బెకెట్ నెత్తురు చిందిన తేదీ. ఒక నల్ల మనిషి కింద తెల్ల పాదిరీలు పనిచేయడమేమిటని ఎంతోమంది అడ్డుపడ్డారు. ఆయన వెనక్కి తగ్గలేదు. బండి మీద, సైకిల్ మీద మాల పల్లెలకూ మాదిగ వాడలకూ పోయాడు.

ఆయన రాజకీయం అంతా నాకు నచ్చదు. 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు. దళిత క్రైస్తవుడికి గొంతు దక్కే దారి ఒకటి అక్కడ మూసుకుపోయిందని నేను నమ్ముతాను. కానీ ఆయన ఆ మాట దాక్కుని చెప్పలేదు. మతమార్పిడుల మీద గాంధీ గట్టిగా విమర్శించినప్పుడూ తన పల్లె జనం తరఫున నిలబడి ఎదురు చెప్పాడు. మేం క్రైస్తవంలోకి వస్తే మీ సంఘాల్లో ఏ సంఘంలో చేరాలి అని అంబేద్కర్ అడిగిన ప్రశ్న ఆయనను కుదిపేసిందని అంటారు. సంఘాలన్నీ ఒకటి కావాలని అజరయ్య ఏళ్ల తరబడి శ్రమించాడు. 1945 జనవరి 1న కన్నుమూశాడు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం, మన సి.ఎస్.ఐ., పుట్టింది.

మన జిల్లా ఆ సంఘంలో మెదక్ డయోసిస్ కిందికి వచ్చింది. ఆ నేలకూ చరిత్ర ఉంది. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొర జనానికి పని చూపించి, కూడు పెట్టి కట్టించిన మెదక్ చర్చి 1924లో పూర్తయింది. డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త కుష్ఠు రోగులకు ఆసుపత్రి పెడితే, హిందువైన నర్సాగౌడ్ పెద్ద మొత్తం విరాళమిచ్చి నిలబెట్టాడు. ఊరవతలికి తరిమేసిన మనుషుల దగ్గరికి నడిచి వెళ్లిన సంఘం అది.

ఇప్పుడు బిషప్ ఎన్నికల కాలం వస్తే చూడండి. డయోసిస్ కౌన్సిల్‌లో బిషప్ పేర్ల ప్యానెల్ కోసం వర్గాలు, సంఘం పై సభ అయిన సినాడ్‌లో పేరు ఖాయం చేయించుకోవడానికి పైరవీలు, ఓడిన వర్గం కోర్టుకు, గెలిచిన వర్గం బదిలీలకు. నచ్చని ప్రెస్బిటర్‌ను దూరపు పాస్టరేట్‌కు పంపడానికి ఒక్క సంతకం చాలు. చర్చి స్థలాలు, స్కూళ్లు, ఆసుపత్రులు, వాటి కమిటీల చుట్టూ తిరగడంతోనే పదవీకాలం అయిపోతుంది. చివరికి 2024లో సి.ఎస్.ఐ. సినాడ్ వ్యవహారాలు చూడమని ఇద్దరు మాజీ న్యాయమూర్తులను మద్రాస్ హైకోర్టు నియమించింది. ఆ తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. అజరయ్య కట్టిన ఐక్యతకు కాపలా కాయడానికి మనకు జడ్జీలు కావలసి వచ్చారు. పదవి కోసం ఏళ్ల తరబడి కేసు నడపగలిగినవాళ్లు మూడో పేరా మీద ఆ పట్టుదలలో పదో వంతు చూపించారా?

కథోలిక వైపూ లోపల కులం కుళ్లుతూనే ఉంది. 2000లో మారంపూడి జోజి హైదరాబాద్ ఆర్చిబిషప్ అయినప్పుడు దేశంలో తొలి దళిత ఆర్చిబిషప్ అని రాశారు. 2022లో పూల ఆంథోనీ తొలి దళిత కార్డినల్ అయ్యారు. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఈ రెండింటి మధ్య, 2016లో కడప బిషప్ గల్లెల ప్రసాద్‌ను కిడ్నాప్ చేసి కొట్టారు. పట్టుబడిన వాళ్లలో మతగురువు ఉన్నాడు. సంఘం లోపల కులం చచ్చిందని చెప్పే బిషప్, కులం వల్లే మా బిడ్డలకు రక్షణ కావాలని ఢిల్లీని ఎలా అడగగలడు? ముందు సొంత ఇంట్లో ఆ మాట ఒప్పుకోవాలి.

బిషప్పులు అసలేమీ చేయలేదని అంటే అబద్ధమవుతుంది. ఏటా ఆగస్టు 10ని చీకటి దినంగా పాటిస్తున్నారు. 2013 డిసెంబర్‌లో ఢిల్లీలో దళిత క్రైస్తవుల ఊరేగింపు మీద పోలీసులు నీళ్ల ఫిరంగులు కొట్టినప్పుడు, ఆర్చిబిషప్ అనిల్ కూటోను కూడా అదుపులోకి తీసుకున్నారు. ఆ తడిసిన అంగీకి నేను చేతులు జోడిస్తాను. కానీ అది ఒక్క రోజు. 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయాలని చెప్పింది. 2022లో ఇదే ప్రశ్న మీద బాలకృష్ణన్ కమిషన్ వేశారు, తర్వాత గడువు పొడిగించారు. కమిషన్లు వస్తాయి, పోతాయి. మా పిల్లల రెండో పేరు మాత్రం అలాగే ఉంది.

భయముంటుందని నాకు తెలుసు. విదేశీ విరాళాల లైసెన్సు రద్దవుతుంది, ఫైళ్లు తీస్తారు, మతమార్పిడి కేసులు పెడతారు. మరి మా జిల్లా రైతుకు భయం లేదా? 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీలో నిలిస్తే, వాళ్లలో 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలి, ఎర్రజొన్నకు ధర కావాలి అన్నారు. ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్ పల్లెల నుంచి వెళ్లి నామినేషన్లు వేశారు. దేశమంతా ఇటు తిరిగి చూసింది. 2025 జనవరిలో పసుపు బోర్డు వచ్చింది. ఆ రైతులకు కెథెడ్రల్ లేదు, సినాడ్ లేదు, ఊదా అంగీ లేదు. తమ బాధ తామే బ్యాలెట్ మీదికి ఎక్కించుకున్నారు.

కాబట్టి నా మాట బిషప్పులకు కాదు, డయోసిస్ కౌన్సిల్‌కు మన పాస్టరేట్ల నుంచి వెళ్లే ప్రతినిధులకు. ప్యానెల్‌లో పేరు వేసుకునే ప్రతి అయ్యగారినీ ఓటు అడగడానికి వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆపండి. మూడో పేరా మీద సుప్రీంకోర్టులో 2004 నుంచి పెండింగ్‌లో ఉన్న కేసు గురించి ఆయనకు తెలుసా అని అడగండి. బిషప్ అయిన మొదటి ఏడాదిలోనే మన జనాన్ని వెంటబెట్టుకుని నిజామాబాద్ కలెక్టరేట్ ముందు కూర్చుంటానని, డయోసిస్ భూముల లెక్క ప్రతి పాస్టరేట్ నోటీసు బోర్డు మీద పెడతానని కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే ఆ పేరు కొట్టేయండి.