ఉత్తీర్ణుల లెక్కలో మన నుడి ఎక్కడ?

బీమా ఏజెంటు కావాలంటే ఒక పరీక్ష నెగ్గాలి. పదవ తరగతి చదివి ఉండాలి, ఏదో ఒక బీమా సంస్థ తరఫున శిక్షణ పొందాలి, ఆపైన కంప్యూటరు ముందు కూర్చొని 50 ప్రశ్నలకు గంటలో జవాబులు గుర్తించాలి. ఈ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. ఇంతవరకు సంతోషించవలసిన సంగతే. అయితే తెలుగులో రాసినవారిలో ఎందరు గట్టెక్కారు, తెలుగువారై ఉండి ఆంగ్లంలో రాసినవారిలో ఎందరు గట్టెక్కారు అన్న లెక్క జనం ముందుకు రావడం లేదు. ఆ లెక్కను ఏటా భాషలవారీగా, జిల్లాలవారీగా ప్రకటించాలన్నదే నా కోరిక.

ఇంత చిన్న పరీక్ష మీద ఇంత పట్టు ఎందుకని అడిగేవారుంటారు. ఏజెంటు అమ్మేది ఒక కాగితం. దాని విలువ తెలిసేది చాలా ఇళ్లలో ఇంటిపెద్ద పోయిన తరువాతనే. మా యానాంలో గౌతమీ పాయను, సముద్రాన్ని నమ్ముకొని బ్రతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 1996 నవంబరు 6 నాటి తుపాను ఈ తీరాన్ని ఎలా ఊడ్చిపెట్టిందో మా పెద్దవారికి నేటికీ గుర్తే. అటువంటి ఇంట ఒకరు జీవిత బీమా తీసుకుంటున్నారనుకుందాం. ప్రతిపాదన పత్రంలో రక్తపోటు, మధుమేహం, పాత శస్త్రచికిత్సలు, మునుపటి పాలసీలు అన్నీ అడుగుతారు. పత్రం ఆంగ్లంలో ఉండి, సంతకం తెలుగులో పెడితే, 'ఇందులోని విషయాలను వీరికి వీరి భాషలో వివరించాను' అని మరొకరు ధ్రువీకరించవలసిన చోటు ఒకటి ఆ పత్రంలోనే ఉంటుంది. ఆ సంతకం ఎవరు చేసినా, ప్రశ్నలను తెలుగు చేసి చెప్పేది సాధారణంగా ఏజెంటే. 'ఏమైనా జబ్బులున్నాయా?' అని ఒక్క మాటలో అడిగి, 'లేవు' అన్న జవాబును పది గళ్లలో నింపేస్తే ఏమవుతుంది? 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షను ప్రకారం, 2015 సవరణ తరువాత, మూడేళ్లు నిండిన పాలసీని ప్రశ్నించరాదు. ఆ మూడేళ్లలోపు మాత్రం ముఖ్యమైన సంగతి దాచారని చూపి సంస్థ క్లెయిమును నిరాకరించవచ్చు. ఏజెంటుకు ఆ ప్రశ్నలు తన నుడిలో ఎంత బాగా అర్థమయ్యాయన్నదాని మీద ఒక విధవరాలి చేతికి వచ్చే సొమ్ము ఆధారపడి ఉంది. కనుక ఇది కేవలం ఉద్యోగార్థుల గొడవ కాదు.

ఇక లెక్కల దగ్గరకు వద్దాం. బీమా రంగాన్ని నియంత్రించే ప్రాధికార సంస్థ, అంటే ఐ.ఆర్.డి.ఎ.ఐ., 1999 నాటి చట్టంతో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. (తెలుగు లెక్క అడగడానికి ఢిల్లీ దాకా పోనక్కరలేదన్నమాట!) ఆ సంస్థ ప్రచురణల్లో ఏజెంట్ల సంఖ్య రాష్ట్రాలవారీగా కనిపిస్తుంది. రాష్ట్రాలవారీ పట్టిక పెద్ద రాష్ట్రంలోని పెద్ద భాషకు సరిపోతుంది. సరిహద్దున ఉన్నవారిని అది మింగేస్తుంది.

యానాం సంగతే చూడండి. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన తెలుగు ఊరు ఇది. పుదుచ్చేరి, కారైక్కాల్ తమిళ ప్రాంతాలు, మాహేది మలయాళం, తెలుగుది యానాం ఒక్కటే. 2011 జనాభా లెక్కల్లో కేంద్రపాలిత ప్రాంతం మొత్తం జనాభా 12,47,953. అందులో యానాం జనాభా 55,626. నూటికి నాలుగున్నర కూడా లేదు. జనాభా పాళ్లలోనే అభ్యర్థులూ ఉంటారనుకుంటే, పుదుచ్చేరి పేరిట వెయ్యి మంది పరీక్ష రాసినప్పుడు మావారు 45 మందికి మించరు. వారిలో సగం మంది తప్పినా మొత్తం ఉత్తీర్ణతలో తేడా రెండు శాతం పైచిల్లర మాత్రమే. మరుసటి ఏడు మామూలు ఒడుదొడుకుగా అది కలిసిపోతుంది. ఆ పట్టికను చూసిన అధికారికి యానాంలో ఏదో జరిగిందన్న అనుమానం కూడా కలగదు.

మరొక చిక్కు ఉంది. మాకు కాకినాడ సుమారు 30 కిలోమీటర్లు. మా రాజధాని 800 కిలోమీటర్లకు పైమాటే. యానాం కుర్రవాడు ఆంధ్ర గడ్డమీది కేంద్రాన్నే ఎంచుకొని పరీక్ష రాస్తాడు, అది సహజం. ఫలితాన్ని కేంద్రాన్ని బట్టి లెక్కిస్తే అతడు ఆంధ్రప్రదేశ్ ఖాతాలోకి పోతాడు. చిరునామాను బట్టి లెక్కిస్తే పుదుచ్చేరి తమిళుల నడుమ కలిసిపోతాడు. రెండు విధాలా యానాం తెలుగువాడిగా అతడు కనబడడు.

హోసూరు తెలుగు కుటుంబాల పరిస్థితి ఇంకొక తీరు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక తెలుగు ఇళ్ల పిల్లలూ తమిళాన్ని తప్పనిసరిగా చదువుతూ వచ్చారు. ఈ పిల్లల్లో ఏజెంటు పరీక్షకు కూర్చునేవారు ఏ భాషను ఎంచుకుంటున్నారు? ఇంట తెలుగు, బడిలో తమిళం, పత్రాల్లో ఆంగ్లం అయినప్పుడు, పరీక్ష భాషను మాత్రమే లెక్కిస్తే వీరి తెలుగుదనం ఎగిరిపోతుంది. బళ్లారి, బరంపురం, రాయగడ వారికీ ఇదే వర్తిస్తుంది. అందుచేత పరీక్ష రాసిన భాష ఒక గడిలో, మాతృభాష వేరొక గడిలో ఉండాలి.

ఇది కొత్త ఊహ ఏమీ కాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం జీవిత బీమా ఏజెంట్ల పరీక్ష ఫలితాలపై ఏటా నివేదిక ప్రచురించాలని చట్టంలోనే రాసుకుంది. ఎందరు రాశారు, ఎందరు నెగ్గారు, సగటు మార్కు ఎంత అన్నవి జాతి, లింగం, చదువు, మాతృభాషలవారీగా విడదీసి చూపాలని ఆ చట్టం చెప్పింది. మాతృభాష అన్న మాటను వారు ప్రత్యేకంగా చేర్చారు. అక్కడి స్పానిషు, హైతీ క్రియోలు మాట్లాడే ఇళ్ల సంఖ్య తెలిసినవారికి ఇందులో వింత తోచదు.

దీనికి ముందు ఇల్లినాయ్ రాష్ట్రంలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. ఏజెంట్ల పరీక్ష నల్లజాతి అభ్యర్థులకు అన్యాయం చేస్తోందంటూ 1976లో గోల్డెన్ రూల్ అనే బీమా సంస్థ, రాష్ట్ర బీమా శాఖ మీదా, పరీక్షను తయారుచేసిన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీసు మీదా దావాకు దిగింది. దావా వేసింది బీమా సంస్థ అన్న విషయం గమనించదగ్గది. ఏజెంట్లు దొరకకపోతే నష్టం దానికీ ఉంది మరి. 1984లో రాజీ కుదిరింది. ఫలితాలను జాతులవారీగా ఏటా వెల్లడించాలి. ఒకే అంశం మీద పలు ప్రశ్నలున్నప్పుడు రెండు వర్గాల జవాబుల్లో తేడా తక్కువగా ఉన్నవాటికి ముందు చోటివ్వాలి. మూడేళ్లకే, అంటే 1987లో, ఆ పరీక్షా సంస్థ అధ్యక్షుడు గ్రెగరీ ఆన్రిగ్ ఈ రాజీకి ఒప్పుకోవడం తమ పొరపాటని ప్రకటించాడు. తేడా కనిపించినంత మాత్రాన ప్రశ్న తప్పు కాజాలదని, చదువులో ఉన్న వ్యత్యాసం కూడా అలాగే కనిపిస్తుందని పరీక్షా శాస్త్రజ్ఞులు వాదించారు. ఆ వాదనలో నిజముంది, దానిని మనం కొట్టిపారేయరాదు. తెలుగులో రాసినవారు ఎక్కువగా తప్పితే కారణం అనువాదం కావచ్చు, శిక్షణ కావచ్చు, పల్లె బడి కావచ్చు. కాని ఆ వివాదం ప్రశ్నలను ఏరే పద్ధతి మీద. లెక్కను దాచి ఉంచాలనడానికి అది ఆధారం కాదు. ఎక్కడ తవ్వాలో తెలియాలన్నా ముందు లెక్క చేతికి రావాలి.

అనువాదం సంగతి కొంత చెప్పక తప్పదు. బీమా రంగంలో 'మోరల్ హజార్డ్' అనే మాట ఉంది. బీమా ఉంది కదా అన్న ధీమాతో మనిషి జాగ్రత్త వదిలేయడం, లేదా మోసానికి ఒడిగట్టడం దాని భావం. దానిని 'నైతిక ప్రమాదం' అని మక్కికి మక్కి దించితే, చదివిన అభ్యర్థికి ప్రమాదంలో నీతి ఏమిటో, నీతికి ప్రమాదం ఏమిటో అంతుచిక్కదు. సరెండర్, నామినీ వంటి మాటలు జనం నోట నలిగినవే. వాటికి ఎవరూ వినని సంస్కృత సమాసాలు కూర్చితే తెలుగు పత్రం ఆంగ్ల పత్రం కన్నా కష్టమవుతుంది. అప్పుడు తెలుగు వచ్చిన పిల్లవాడే తెలుగును వదిలి ఆంగ్లాన్ని ఎంచుకుంటాడు. కొన్నేళ్లకు 'తెలుగులో రాసేవారే లేరు' అన్న వాదన సిద్ధమవుతుంది. ఈ వాదనను మనం బడుల విషయంలో చాలాసార్లు విన్నాం.

ఖర్చు, శ్రమ అన్న సాకు ఇక్కడ చెల్లదు. అభ్యర్థి ఏ భాషలో పరీక్ష రాస్తాడో నమోదు సమయంలోనే తెలుపుతాడు, చిరునామా ఇస్తాడు, జవాబులు దిద్దేది కంప్యూటరు. కొత్తగా చేర్చవలసింది మాతృభాష అనే ఒక్క గడి. మరీ కొద్దిమంది ఉన్నచోట వ్యక్తులు బయటపడకుండా రెండు మూడేళ్ల ఫలితాలను కలిపి ప్రకటించవచ్చు.

ఈ పత్రిక చదివే కుటుంబాలు దీనికోసం వేచి కూర్చోనక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఎవరైనా అడగవచ్చు. ఆంగ్లంలో, హిందీలో, లేదా దరఖాస్తు పెట్టే ప్రాంతపు అధికార భాషలో రాయవచ్చునని 6వ సెక్షను చెబుతోంది. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషల చట్టంలో యానాంకు తెలుగు ఉంది కనుక మేము తెలుగులోనే రాస్తాం. హోసూరు, బళ్లారి వారికి ఆ వెసులుబాటు లేదు, వారు ఆంగ్లంలో రాయవచ్చు. గడచిన అయిదేళ్లలో మీ జిల్లా చిరునామాతో పరీక్ష రాసినవారెందరు, ఏయే భాషల్లో రాశారు, ఒక్కొక్క భాషలో ఎందరు నెగ్గారు అని అడిగితే చాలు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల కమిషనరుకు ఒక ప్రతి పంపండి; రాజ్యాంగం 350బి అధికరణం కింద ఆ పదవి 1957 నుంచి ఉన్నది ఇటువంటి ఫిర్యాదులను పరిశీలించడానికే. జవాబు 30 రోజుల్లో రావాలి. వచ్చిన జవాబులను ఈ పత్రికకు పంపితే యానాం లెక్కను, హోసూరు లెక్కను పక్కపక్కన వేసి చూద్దాం. అటువంటి వివరం తమ దగ్గర లేదని రాస్తే, ఆ ఉత్తరాన్నీ ఇక్కడే అచ్చు వేయిద్దాం.