అటకమీది రేడియోపెట్టె



మామగారి కాలపు వాల్వు రేడియోను అటకపైనుండి దింపితిమనియు, సంక్రాంతికి దానిచే పాడింపవలెనని పిల్లలు తొందరపెట్టుచున్నారనియు దివిసీమనుండి యొక సోదరి మాకు వ్రాసిరి. ప్లగ్గు పెట్టి చూడవచ్చునా యని వారి ప్రశ్న. కూడదు. ముందీమాట చెప్పి పిదప కారణములు విన్నవింతుము.

విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది. అంతకుముందు 1938లో నెలకొన్న మద్రాసు కేంద్రమే మనకు దిక్కు. తెల్లవాఱుజామున భక్తిరంజని వినుచు వాకిట కళ్లాపి చల్లిన యిండ్లు మా పామర్రులో నెన్నియో కలవు. ఆనాటి పెట్టెలకు పెద్ద జబ్బు ఊరక పడియుండుటయే. లోపల కండెన్సరులని కొన్ని యుండును. అందు పెక్కు మైనము పూసిన కాగితపుచుట్టలు. మన లంకల గాలి యెట్టిదో ఉప్పుజాడీ మూత తీసిన తెలియును. ఆ తేమ కాగితమున కెక్కినచో కరెంటు పోరాని త్రోవను పోవును. పెద్ద కండెన్సరులలోని ద్రవము ఏండ్లతరబడి యెండిపోవును. అట్టిదానికి ఒక్కసారిగా 230 వోల్టులు తగిలిన ట్రాన్స్‌ఫార్మరు మాడును. వాల్వు వెదకిన దొరకవచ్చును గాని, ట్రాన్స్‌ఫార్మరును మరల చుట్టింపవలసివచ్చును.

అంతకంటె భయంకరమైనది వేఱొకటి కలదు. వెనుక అట్టపై ఏసీ/డీసీ యని యున్న పెట్టెలలో పెక్కింటికి ట్రాన్స్‌ఫార్మరే యుండదు. లోని యినుపచట్రము కరెంటుతీగకే కలిసియుండును. త్రిప్పెడి మీట యూడి కడ్డీ బయటపడియున్నచో, దానిని ముట్టిన బిడ్డ తీగను ముట్టినట్లే.

కావున ప్లగ్గు దూరముగ నుంచి, వెనుక అట్ట విప్పి, టార్చిలైటుతో చూడుడు. ఎలుకలు తీగలు కొఱికినవా? రబ్బరు పొడియై రాలుచున్నదా? ట్రాన్స్‌ఫార్మరు చెంత మాడిన తారువాసన యున్నదా? వాల్వుగాజు లోపల వెండిపూతవంటి మచ్చ యుండును. అది పాలవలె తెల్లబాఱిన, లోనికి గాలి చొచ్చినది, ఆ వాల్వు పోయినది. మెఱయుచున్న ఆశ కలదు, అంతియే. స్పీకరు కాగితము చినిగెనేమో చూడుడు. దుమ్మును పొడికుంచెతో దులుపుడు. డయలు అద్దమును మాత్రము తడిగుడ్డతో తుడువకుడు. ఢిల్లీ, కొలంబో, లండను అను నక్షరములు సాధారణముగ అద్దము వెనుకవైపున నచ్చువేయబడియుండును. ఒక్క తుడుపుతో ఖండములే మాసిపోవును.

పిమ్మట సెల్‌ఫోనుతో అన్నివైపుల ఫొటోలు తీసి మెకానిక్కు కడకు పంపుడు. తొలిసారి కరెంటు ఇచ్చునపుడు బల్బును వరుసలో కలిపి యిత్తురా యని యడుగుడు. అది తీగ యెఱ్ఱబడి వెలుగు పాతరకపు బల్బు కావలెను, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు నిండుగా వెలిగి యట్లే నిలిచిన, లోపల షార్టు ఉన్నదని తెలియును, పెట్టెయు దక్కును. కొందఱు వాల్వులన్నియు పీకివైచి చిన్న ఎఫ్‌ఎం పలక బిగించి, బాగైనదందురు. వీణకాయలో గ్రామఫోను దాచి వీణ పలికినదనుట వంటిదది. తీసిన భాగములన్నియు తిరిగి యిమ్మని మొదటనే చెప్పుడు.

పెట్టెతోపాటు పోస్టాఫీసువారి లైసెన్సుపుస్తకము దొరికిన పాఱవేయకుడు. ఆ నిబంధన తొలగి చాలకాలమైనను, రుసుము కట్టిన సంవత్సరములను బట్టి పెట్టె వయస్సు ఊహింపవచ్చును. మెకానిక్కున కదియు చూపుడు.