నిప్పుకు కాపలా

పంది భుజం కష్టపడిన కండ. జంతువు బరువు మోసి మోసి నరాలు, పొరలు గట్టిపడి ఉంటుంది. నడుం దగ్గరి ముక్కల్లా తేలిగ్గా ఉడకదు. కొట్టులో దాని ధర కూడా తక్కువే. అయినా అమెరికా దక్షిణాదిన, ముఖ్యంగా రెండు కరోలినా రాష్ట్రాల్లో, వారాంతం వచ్చిందంటే పెరటి పొయ్యి మీదికి ఎక్కేది ఆ చవక ముక్కే. 3, 4 కిలోల భుజాన్ని బొగ్గుల సెగకు, కట్టె పొగకు పొద్దున వదిలిపెడితే చేతికొచ్చేసరికి చీకటి పడుతుంది. అప్పుడిక కత్తితో పని లేదు. వేళ్లతో లాగితే చాలు, పోగులు పోగులుగా ఊడి వస్తుంది.

ఇప్పుడు పెరళ్లలో కనిపించే గుండ్రటి మూత పొయ్యి పుట్టింది షికాగోలో. వెబర్‌ బ్రదర్స్‌ మెటల్‌ వర్క్స్‌లో పనిచేసే జార్జ్‌ స్టీఫెన్‌కు గాలివానలకు లొంగని పొయ్యి కావాల్సి వచ్చింది. ఆ కర్మాగారంలో నీటిపై తేలే బోయాల కోసం లోహపు గోళాలు చేసేవారు. 1952లో ఆయన ఒక గోళాన్ని సగానికి కోసి, కింది చిప్పను పొయ్యిగా, పై చిప్పను మూతగా మార్చాడు. అందులో వేసే బొగ్గు బిళ్లలు ఇంటింటికీ చేరడం వెనక కార్ల హెన్రీ ఫోర్డ్‌ పొదుపు ఉంది. మోడల్‌ టి కార్ల చెక్క భాగాలు కోయగా మిగిలిన తుక్కును పారేయడం ఇష్టంలేక 1920ల్లో మిషిగన్‌లో దాన్ని బొగ్గు చేయించాడు. కింగ్స్‌ఫర్డ్‌ అనే పేరుతో ఆ సరుకు నేటికీ అంగళ్లలో ఉంది.

పొగబెట్టే పనిలో ఒడుపంతా నిప్పును తక్కువగా ఉంచడంలోనే. బిళ్లలను పొయ్యి అంచు వెంట రెండు వరుసలుగా వంపు తిప్పి పేర్చి, ఒక కొసనే రగిలిస్తారు. ‘పాము’ అని దానికి ముద్దుపేరు. నిప్పు బిళ్ల నుంచి బిళ్లకు పాకుతూ గంటల తరబడి నిలుస్తుంది. పైన అక్కడక్కడ హికరీ, ఆపిల్‌ చెక్క ముక్కలు. మాంసం కింద నీళ్ల పళ్లెం. లోపలి వేడి 110 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా ఉండాలి. పొయ్యి అడుగున, మూత మీద ఉండే కంతలను తెరిచి మూసే కొద్దీ గాలి, గాలిని బట్టి నిప్పు. దట్టంగా తెల్లగా లేచే పొగ చేదు మిగులుస్తుంది. కంటికి ఆనీ ఆనని నీలి పొగ మంచిది. ఎంతవరకు వచ్చిందోనని మూత తీసినప్పుడల్లా వేడి జారిపోయి వంట వెనకబడుతుంది.

ముక్క లోపలి వేడి 63 డిగ్రీలకు చేరి, దించాక 3 నిమిషాలు ఆగితే పంది మాంసం తినడానికి భయం లేదని అమెరికా వ్యవసాయ శాఖ 2011లో చెప్పింది. అయితే ఆ దశలో భుజాన్ని నోట పెడితే పళ్లు నొప్పి పుడతాయి. పొరల్లోని కొలాజెన్‌ బాగా కరిగి జెలటిన్‌ అయి పోగులు విడిపోవాలంటే 90 దాటాలి. దారిలో ఓ చిత్రమైన మజిలీ ఉంది. 65, 75 డిగ్రీల నడుమ ఎక్కడో థర్మామీటరు గంటల కొద్దీ కదలదు. కొత్తవాళ్లు కంగారుపడి బొగ్గు కుమ్మరిస్తారు. నిజానికి మట్టికుండ నీళ్లను చల్లబరిచినట్టే, మాంసం పైనుంచి ఆవిరయ్యే తేమ లోనికి వచ్చే వేడిని వచ్చినట్టే మింగేస్తుంటుంది. తేమ తగ్గాక అంకె మళ్లీ పైకి లేస్తుంది. తొందరున్నవారు అల్యూమినియం రేకు చుట్టి ఆవిరికి అడ్డం వేస్తారు. లేనివారు కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

అలా కూర్చోగలగడం ఇవాళ ఒక వైభోగం. ఒకప్పుడు ఈ విద్య నేర్చినవారికి అది చాకిరీ. 1769 మే నెలలో వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో బార్బెక్యూ విందుకు వెళ్లి రాత్రంతా అక్కడే ఉన్నట్టు జార్జ్‌ వాషింగ్టన్‌ తన డైరీలో రాసుకున్నారు. రాసింది ఒక్క ముక్క. నిప్పు ఎవరు చూశారో అందులో లేదు. వర్జీనియాలో, కరోలినాల్లో అలాంటి విందులకు గోతులు తవ్వి, కట్టెలు నరికి, కణకణలాడే నిప్పులను పారతో సర్దుతూ తెల్లవార్లూ మేలుకున్నది చాలావరకు బానిసత్వంలో మగ్గిన నల్లజాతివారే. స్థానిక తెగలు ఎరిగిన పొగ పద్ధతికి వారు తమ చేతి నేర్పు జోడించారు. దొరల వినోదం కోసం మేలుకున్న ఆ రాత్రుల్లోనే గట్టి మాంసాన్ని వెన్న చేసే ఓర్పు ఒక కళగా స్థిరపడింది. సౌత్‌ కరోలినాలో హెమింగ్‌వే అనే చిన్న ఊళ్లో, కుటుంబ కొట్టులో 11 ఏళ్లకే నిండు పందిని కాల్చిన నల్లజాతి వంటగాడు రాడ్నీ స్కాట్‌కు 2018లో జేమ్స్‌ బియర్డ్‌ పురస్కారం వచ్చింది. పేరు లేకుండా పోయిన ఎందరో పెద్దల తరఫున అందిన బాకీ అది.

నార్త్‌ కరోలినాలోని షార్లెట్‌లో, ర్యాలీ పక్కన కేరీలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పెరళ్లలోనూ ఈ పొయ్యిలు ఉన్నాయి. పంది ముట్టనివారు కోడికి మసాలా పట్టిస్తారు. ముట్టేవారికి తూర్పు నార్త్‌ కరోలినా వాడుకైన వెనిగర్‌, ఎండుమిర్చి సాస్‌ పరాయి రుచిగా తోచదు. పరాయిగా తోచకూడనిది మరొకటి కూడా ఉంది. పెళ్లింట డేగిసా మూత మీద నిప్పులు సర్దుతూ వేకువ దాకా నిలబడిన బిర్యానీ మాస్టరు పేరు, విస్తరి ముందు కూర్చున్న మనలో ఎంతమంది అడిగారు? బాగుందని ఇంటివారిని మెచ్చుకుని చేయి కడుక్కుంటాం.

సెప్టెంబరు తొలి సోమవారం అమెరికాలో లేబర్‌ డే. కార్మికుల గౌరవార్థం 1894లో జాతీయ సెలవుగా ప్రకటించిన ఆ రోజున పెరళ్లలో పొయ్యిలు ముమ్మరంగా వెలుగుతాయి. సెలవు ఎందుకొచ్చిందో తలచుకునేవారు తక్కువే కావచ్చు. అయితే ఒక్కసారైనా 12 గంటలు నిప్పుకు కాపలా కాసినవారు, బార్బెక్యూ కొట్టులో పళ్లెం ధర చూసి ‘ఇంతా?’ అనేముందు తప్పక తడబడతారు. ఆ ధరలో పంది ఖరీదు కొంతే. మిగిలింది ఒక మనిషి నిద్ర ఖరీదు.