పనితోపాటు వ్రాత

కాశీబుగ్గకు తూర్పుననున్న ఉద్దానపు తీరమున జాలరులు పూర్వము దుంగలను త్రాళ్ళతో బిగించి తెప్పలు కట్టెడివారు. ఏ దుంగ నడుమ నుండవలెనో, ఏ ముడి యెచ్చట వేయవలెనో వారి చేతులకు తెలియును. ఆ విద్య తండ్రినుండి కొడుకునకు కంటిచూపుతోనే సంక్రమించుచుండెను. వ్రాసి యుంచినవారు అరుదు. తరువాత ఫైబరు పడవలు వచ్చినవి. తెప్ప కట్టు నేర్పు, దాని నెరిగిన వృద్ధులతోపాటు సన్నగిల్లుచున్నది.

తెప్ప విషయమున ఇట్టి నష్టము విచారకరము. విమానము విషయమున నైతే వ్రాత లేకపోవుట ప్రాణాపాయకరము. నేడు పెక్కు దేశములలో సామాన్యులు తమ యిండ్లయందే చిన్న విమానములను నిర్మించుకొనుచున్నారు. అమెరికాలో అట్టివారు 1953లో ఒక సంఘమును స్థాపించుకొనిరి. మన దేశమున అమోల్ యాదవ్ అను విమానచోదకుడు ముంబయిలో తన నివాసభవనపు మేడమీద ఆరుగురు కూర్చుండదగిన విమానమును నిర్మించి, 2016లో దానిని ప్రజలకు ప్రదర్శించెను. ఇట్టి పని నెలలలో ముగియదు, ఏండ్లు పట్టును. మొదటి యేట బిగించిన మర ఎంత గట్టిగా బిగింపబడెనో అయిదవ యేట ఎవరికి జ్ఞాపకముండును? కావున ప్రతి కొలతయు, ప్రతి తూకమును, ప్రతి మార్పును నాడే వ్రాసి యుంచవలెను.

అట్టి వ్రాతకు నేటి కాలమున మిక్కిలి అనువైన సాధనము వికీ. వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా దేశీయుడు 1995లో దీనిని ప్రారంభించెను. హవాయి భాషలో ‘వికీ’ యనగా ‘త్వరగా’ అని యర్థము. 2003లో పుట్టిన తెలుగు వికీపీడియా ఈ పద్ధతిలోనిదే. దానిలోని వ్యాసమునకు ‘చర్చ’, ‘చరిత్ర’ అను భాగములు కలవు. సందేహములును, సమాధానములును చర్చలో నిలుచును. ఏ మార్పు ఏనాడు జరిగెనో చరిత్ర చూపును. తప్పును దిద్దినను, ఆ తప్పు జాడ మాయము కాదు. విమానము కట్టువానికి ఇదియే గొప్ప మేలు. ఏల యనగా ఒకని పొరపాటు తెలిసినచో పదిమంది దానిని తప్పించుకొందురు.

రైట్ సోదరుల చరిత్రము ఇందుకు తార్కాణము. 1901లో వారి గ్లైడరు ఆశించినంత బలముతో పైకి లేవలేదు. వారు నిరాశపడియు పని మానలేదు. చిన్న వాయుసొరంగమును చేసికొని, సుమారు 200 రెక్కల నమూనాలను పరీక్షించి, ఫలితములను పుస్తకములలో వ్రాసికొనిరి. గాలి ఒత్తిడిని గణించుటకు చిరకాలముగా వాడుకలోనున్న 0.005 అను సంఖ్య సరికాదనియు, అది సుమారు 0.0033 అనియు వారు గ్రహించిరి. 1903 డిసెంబరు 17న వారి విమానము 12 సెకనులపాటు ఎగిరెను. ఆ పండ్రెండు సెకనుల వెనుక ఎన్నో పుటల వ్రాత కలదు.

దీనికి భిన్నముగా, 1895లో ముంబయి తీరమున శివకర్ బాపూజీ తల్పడే విమానము నెగురవేసెనని కొందరు చెప్పుదురు. కాని దానిని నిరూపింపదగిన ఆనాటి కొలతలు గాని పటములు గాని లేవు. వ్రాత లేని ఘనత వాదులాటకే మిగులును.

వికీలో ఎవరుబడిన వారు వ్రాసినచో చెరుపు కలుగదా యని యడుగవచ్చును. ఇది త్రోసివేయదగిన శంక కాదు. విమానపు కొలతలు పదిమంది ఓట్లతో నిర్ణయింపదగినవి కావు. సూచనలు ఎవరైనను చేయవచ్చును. పరీక్షించి అంగీకరించు బాధ్యత మాత్రము నిర్మాతదే. ప్రభుత్వాధికారుల అనుమతి లేక ఎగురుటయు తగదు. ఇక, తన రహస్యము పరులకేల ఈయవలెనను వారును కలరు. శాంతోస్ ద్యుమోఁ అను బ్రెజిల్ దేశీయుడు తన చిన్న విమానమగు ‘డెమొయిసెల్’ పటములను ఎవరైనను వాడుకొనవచ్చునని ఉచితముగా నిచ్చెను. దానివలన ఆతని కీర్తి తరుగలేదు.

ఎనిమిదవ తరగతి విద్యార్థులు విమానము కట్టలేకపోవచ్చును. కాని వ్రాయు అలవాటునకు విమానమే కానక్కరలేదు. బడిలో చేయు గాలిమర నమూనాకైనను ఒక పుట తెరువవచ్చును. పలాసలో జీడిపిక్క పప్పగువరకు జరుగు పనులను వరుసగా వ్రాయవచ్చును. ఉద్దానపు తాతలను అడిగి తెప్ప ముడులను బొమ్మలతో దింపవచ్చును. తాము చేసిన తప్పులను దాచక వ్రాయుట అన్నిటికంటె ముఖ్యము. చేసినవాని పని అతని కాలమునకు చెల్లును. వ్రాసి పంచినవాని పని తరువాతివారికిని అక్కరకు వచ్చును.