ఓడినవాడి కథ కూడా చెప్పే కత్తివీరుడు

గిద్దలూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. మా పిల్లల రఫ్ నోట్‌బుక్కుల వెనక పేజీల నిండా ఇప్పుడు గళ్ల అంగీ, నుదుటి మీద మచ్చ, చెవులకు పొడవాటి పోగులు ఉన్న జపాన్ కుర్రాడే. పేరు తంజిరో. చదువు పాడవుతోందని ఇళ్లల్లో ఆ పేజీలు చింపేస్తున్నారు. చింపొద్దని నా మనవి.

తంజిరో ‘డీమన్ స్లేయర్’ కథలో నాయకుడు. కొయొహారు గొతోగె గీసిన ఈ బొమ్మల కథ, అంటే మాంగా, 2016 నుంచి 2020 దాకా ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చి 23 సంపుటాలైంది. 2019లో టీవీ యానిమేషన్ అయింది. 2020లో వచ్చిన ‘ముగెన్ ట్రైన్’ సినిమా జపాన్ వసూళ్ల చరిత్రనే తిరగరాసింది. 2025 సెప్టెంబరు 12న ‘ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకూ వచ్చింది.

సమురాయ్ యోధులు నడుముకు కత్తి కట్టుకుని తిరగకూడదని జపాన్ ప్రభుత్వం 1876లోనే నిషేధించింది. ఈ కథ ఆ తర్వాతి కాలానిది. అందుకే తంజిరో పోలీసుల కంట పడకుండా కత్తి దాచుకుంటాడు. అతను బొగ్గులమ్ముకుని బతికే కొండవూరి పిల్లవాడు. రాక్షసుడు ఇంటిల్లిపాదినీ చంపేస్తే చెల్లెలొక్కతే మిగులుతుంది, ఆమె కూడా రాక్షసిగా మారిపోతుంది. ఎలాగైనా ఆమెను తిరిగి మనిషిని చేయాలని అతను కత్తి పడతాడు. నల్లమల అంచున పుట్టిన మా పిల్లలకు ఆ కొండ బతుకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

తొమ్మిదో తరగతి కుర్రాడొకడు పేజీని నాలుగు గళ్లు చేసి ఒక ఘట్టం గీశాడు. ఒంటినిండా చేతులున్న రాక్షసుడి తల తెగిపోయింది. వాడు బూడిదైపోతూ చిన్నప్పుడు తన చెయ్యి పట్టుకున్న అన్నను తలచుకుంటున్నాడు. చంపిన తంజిరోయే వంగి ఆ చెయ్యి అందుకుని, వచ్చే జన్మలో నువ్వు రాక్షసుడివి కావొద్దని వేడుకుంటున్నాడు. మా వాడు కత్తిని రెండు గీతల్లో ముగించి, పెన్సిలు మొన అరిగేదాకా ఆ చెయ్యినే దిద్దాడు. ఎందుకురా అంటే, “వాడు కూడా ముందు మనిషే కదా సార్” అన్నాడు. ఈ మాట పిల్లవాడి నోట రావడానికి ఎన్ని నీతిపాఠాలు చెప్పాలి?

మన తెరమీది వేటకొడవళ్లు ఏం నేర్పుతున్నాయి? నరికితే కేక, పడితే ఈల. పడినవాడికి పేరుండదు, ఇల్లుండదు, ఏడ్చే తల్లి ఉండదు. కక్షల వల్ల మగదిక్కు లేకుండా పోయిన ఇళ్లు ఈ సీమలో, పక్కనున్న పల్నాడులో అందరికీ తెలుసు. ఆ ఇళ్ల సంగతి సినిమాలకు పట్టదు.

మన పాత కథలు అలా లేవు. మార్కాపురం నుంచి ఎర్రగొండపాలెం, మాచర్ల మీదుగా వెళ్తే కారంపూడి. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో కూలిన వీరులకు అక్కడ కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు తిరునాళ్లు చేస్తారు. ఆ రోజుల పేర్లు వరుసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు కులం తేడా లేకుండా కలిసి తినే చాపకూడును తలచుకుంటారు. కొలిచేది వీరుల ఆయుధాలనే, కానీ ఆ ఐదు రోజుల్లో రాయబారం ఉంది, సహపంక్తి భోజనం ఉంది, చివరికి చావు ఉంది. రాయబారిగా వెళ్లి విషానికి బలైన అలరాజు, యుద్ధానికి కదిలిన బాలచంద్రుడు, ఇంట్లో మిగిలిన అతని భార్య మాంచాల, అందరి గోడూ అందులో వినిపిస్తుంది.

ఈ పల్నాటి కథ 1947లో, 1966లో సినిమాగా వచ్చింది. రెండున్నర మూడు గంటల్లో ఎంతని చెబుతారు? మంత్రి నాగమ్మకొక సంపుటం, ఆమెకు ఎదురు నిలిచిన బ్రహ్మనాయుడికొకటి, ఆయన సేనాని కన్నమదాసుకొకటి కావాలి. జపాన్ వాళ్లు తమ కత్తివీరులకు ఇచ్చిన తీరిక అదే. సంపుటాలు ముందు, తెర తర్వాత. ‘చందమామ’ బొమ్మలతో పెరిగిన జాతికి ఇది చేతకాని పని కాదు.

‘డీమన్ స్లేయర్’లో రక్తపాతం ఉంది. చిన్న తరగతుల పిల్లలకు అది వద్దు. ఎనిమిది, తొమ్మిది చదివేవాళ్లతో పెద్దలు పక్కన కూర్చుని చూడాలి, ఓడినవాడు ఎందుకలా అయ్యాడో వాళ్లనే అడగాలి.

తెలుగు ప్రచురణకర్తలు పల్నాటి కథను బొమ్మల సంపుటాలుగా గీయించాలి. విద్యాశాఖ వాటిని కొని ప్రతి హైస్కూలు లైబ్రరీలో పెట్టాలి. దేశానికి పలకలు పంపిన మార్కాపురంలోనే మొదటి చిత్రకథా శిబిరం పెట్టాలి. గీసే పిల్లలు మా దగ్గర ఉన్నారు. నేర్పడానికి నాలాంటి డ్రాయింగ్ మాస్టర్లం సిద్ధంగా ఉన్నాం.