టర్బో కార్ల వేడిమి – బోరునీటి అలవాటు

సంపాదకులవారికి,



మన అనంతపురము సీమలో టర్బో కార్లతో డ్రిఫ్టింగు (బండిని ప్రక్కకు జార్చుచు త్రిప్పు క్రీడ) చేయ మక్కువపడు యువకులు, నాలుగైదు చుట్లు తిరుగులోపలనే బండి హీటెక్కినచో, దోషమంతయు ఎండపై మోపి, థర్మోస్టాటు వాల్వును ఊడబీకించి, రేడియేటరులో చేతికందిన బోరునీటిని నింపి, చిక్కు తీరినదని తలంచుచున్నారు. ఈ రెండు పనులును ఇంజనుకు కీడు చేయునవే. వీనిని మాన్పింపవలసినవారు మన మెకానిక్కులే యని విన్నవించుటకు ఈ లేఖ వ్రాయుచున్నాను.

ఎండకు పాలు లేదని నేననను. రేడియేటరు ఎంత వేడిని విడువగలదన్నది లోపలి నీటికిని బయటి గాలికిని గల ఉష్ణోగ్రతా భేదముపై ఆధారపడును. నీరు 95 డిగ్రీల వద్ద నుండగా గాలి 25 డిగ్రీలైనచో ఆ భేదము 70. మే నెల మధ్యాహ్నమున గాలి 43 డిగ్రీలకు చేరినచో 52 మాత్రమే. అనగా దాని సామర్థ్యములో నాలుగవ వంతు ఎండ హరించుచున్నది. కాని డ్రిఫ్టింగులో కారు ముఖమొక దిక్కునకు, గమనము వేరొక దిక్కునకు నుండుటచే ఎదురుగాలి రేడియేటరు రెక్కలగుండ సూటిగా చొరదు. బండి వేగము స్వల్పము, ఇంజను శ్రమ గరిష్ఠము. జాతీయ రహదారిపై గంటల తరబడి నిశ్చింతగా పరుగిడిన కారే మైదానములో మరిగిపోవుటకు ముఖ్యకారణమిదియే. ఈ క్రీడకు పుట్టినిల్లయిన జపానులోను, ఇతర దేశములలోను పోటీదారులు పలువురు రేడియేటరును కారు వెనుకభాగమునకు మార్చి, దానికి ప్రత్యేకముగా గాలిదారులను, బలమైన ఫ్యానులను అమర్చుకొనుట ఇందువలననే.

టర్బో ఈ కష్టమును ఇబ్బడి చేయును. పెట్రోలు ఇంజనులో 900 డిగ్రీలకు పైబడిన పొగ త్రిప్పు చక్రము నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగుచుండగా, దాని ఇరుసును కాపాడునది పలుచని నూనెపొర మాత్రమే. ఆట ముగిసిన తత్క్షణమే తాళము త్రిప్పి ఇంజను ఆపివేసినచో, ప్రవాహము నిలిచిన ఆ నూనె అచ్చటనే మాడి బొగ్గుగా గట్టిపడును. కావున రెండు మూడు నిమిషములు బండిని మెల్లగా నడపిన పిదపనే ఆపవలెను. ఇంతటి ఓర్పు లేనివారు టర్బో జోలికి పోకుండుట మేలు.

ఇక థర్మోస్టాటు మాట. ఇంజను తగినంత వేడెక్కినప్పుడు అది తనంతట తానే పూర్తిగా తెరచుకొనును. తెరచినదానిని పెరికివేసినందున కలుగు లాభమెంత? పైపెచ్చు, కొన్ని ఇంజనులలో అది లేనప్పుడు నీటిలో కొంతభాగము రేడియేటరునకు పోకయే ప్రక్కదారిన మరలివచ్చును. మామూలు ప్రయాణములో ఇంజను చల్లబడిపోయి, ఇంధనము అధికముగా పోసుకొని, నూనెను పలుచన చేసికొనును.

బోరునీటి చేటు అంతకంటె ఘోరము. ఫ్లోరైడు నీటి బాధను తరతరములుగా అనుభవించిన సీమ మనది. 1995లో ఆరంభమైన సత్యసాయి తాగునీటి పథకము ఏడు వందలకు పైగా గ్రామములకు మంచినీరు తెచ్చినది ఆ బాధను చూచియే. మనుష్యులకు వలదని తెలిసికొన్న ఆ నీటినే యంత్రమునకు పోయుచున్నాము. ఫ్లోరైడు మాట అట్లుండగా, అందలి సున్నపు లవణములు సన్నని గొట్టముల లోపల పొరగట్టి వేడిని బయటికి పోనీయవు. తుదకు హెడ్ గాస్కెట్టు కాలిపోవును. వట్టి నీరు కూలెంటుకంటె ఎక్కువ వేడిని మోయగలదన్న వాదము అసత్యము కాదు గాని, అది స్వేదజలమునకే చెల్లును. కూలెంటు సగము, స్వేదజలము సగము కలిపి, మంచి మూత బిగించినచో, ఆ ద్రవము 120 డిగ్రీల వరకును మరగదు, అల్యూమినియమును తినివేయదు.

మన పొడిగాలి ఒక విధమున వరమే. ఒక లీటరు నీరు ఆవిరియగునప్పుడు, అదే నీటిని సున్న నుండి నూరు డిగ్రీలకు కాచుటకు పట్టు వేడికి అయిదింతలు పైగా గ్రహించును. కోస్తా ఉక్కలోకంటె ఇచ్చట ఆవిరి త్వరగా నగును గనుక, టర్బో పంపు గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరుపై స్వేదజలమును సన్నగా చిమ్ము ఏర్పాటు మనకు మిక్కిలి అనుకూలము. దాని రెక్కలలో చిక్కిన ఎఱ్ఱమట్టి దుమ్మును ముందుగా కడిగింపవలెనని చెప్పనక్కరలేదు.

ఇంకొక్క సంగతి. పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి కర్మాగారమునుండి 2019లో వెలువడిన సెల్టోసు కారు ముందుచక్రములతో నడచునది. వెనుకచక్రములను ఇంజను శక్తితో జార్చవలసిన డ్రిఫ్టింగునకు అది ఉద్దేశింపబడినది కాదు. మన సీమ బండియను అభిమానముతో హ్యాండ్‌బ్రేకు లాగి రహదారులపై దానిని త్రిప్పుట సాహసము కాదు, పరుల ప్రాణములతో చెలగాటము. మూసిన మైదానము, తగిన బండి లేనిదే ఈ క్రీడకు పూనుకొనరాదు.

అనంతపురము జె.ఎన్.టి.యు. మెకానికల్ శాఖవారు వేసవికి ముందే ఒకనాడు పట్టణములోని మెకానిక్కులను ఆహ్వానించి, బోరునీటితో నడచిన రేడియేటరు నొకదానిని, కూలెంటుతో నడచినదానిని నిలువున కోయించి ప్రక్కప్రక్కన చూపింపవలెననియు, ఆ ప్రదర్శనకు మీ పత్రిక ప్రచారమొసగవలెననియు కోరుచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురము